మెటీరియల్ బ్యాలెన్స్‌ను రిజర్వాయర్‌కు ఎలా వాడతారు? పి/జెడ్ గీత సాఫీగా వస్తే ఆ నిల్వను నమ్మొచ్చా?

మీ ప్రశ్న కొంచెం పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను. మీరు కెమికల్ ఇంజనీరింగ్ చదివి ఈమధ్యే రిజర్వాయర్ (భూమి లోపల ఆయిల్, గ్యాస్ నిండిన రాతిపొర) టీమ్‌లో చేరారు. ద్రవ్యనిత్యత్వ నియమం మీకు కొత్త కాదు. వచ్చినదాంట్లోంచి పోయింది తీసేస్తే లోపల పెరిగినదో తరిగినదో తెలుస్తుంది. ఈ జమాఖర్చునే మెటీరియల్ బ్యాలెన్స్ అంటారు. కానీ కిలోమీటర్ల లోతున ఉన్న రాతికి ఈ లెక్క ఎలా కడతారు, పుస్తకాల్లో ద్రవ్యరాశి అన్నమాటే లేకుండా అన్నీ వాల్యూమ్‌లే ఎందుకుంటాయి అన్నది మీ మొదటి సందేహం. రెండోది, మీ గ్యాస్ ఫీల్డ్‌లో మూడు ప్రెషర్ పాయింట్లతో పి/జెడ్ (ప్రెషర్ భాగించు జెడ్ గుణకం) గీత గీస్తే దాదాపు సరళరేఖ వచ్చింది, దాని ప్రకారం నిల్వ సుమారు 1,050 మిలియన్ ఘనపు మీటర్లు అని రిపోర్టు రాశారు, నమ్మొచ్చా అని. మూడోది, సిమ్యులేటర్ (రిజర్వాయర్‌కు కంప్యూటర్ మోడల్) ఉండగా ఈ పాత లెక్క ఎందుకు అని.

సూటిగా చెప్పాలంటే: నియమం ఎప్పుడూ తప్పదు. తప్పేది మనం అందులో వేసే ప్రెషర్, ఉత్పత్తి అంకెలు, వాటికి మనం చెప్పుకునే అర్థం. ఈ లెక్క మీకు చెప్పేది ఒక్కటే. ఇప్పటిదాకా మీ బావులకు ప్రెషర్ ద్వారా స్పందించిన నిల్వ ఎంత అని. అది ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది అన్నది చెప్పదు. మీ 1,050ని మాత్రం నేను ఇప్పుడే సంతకం పెట్టి ఇవ్వను. ఎందుకో మీ అంకెలతోనే చూపిస్తాను.

గ్యాస్‌తో మొదలుపెడదాం, అదే తేలిక. ఎంత పెద్దదో తెలియని గ్యాస్ సిలిండర్ ఒకటి ఉందనుకోండి. తెలిసినంత గ్యాస్ బయటికి వదిలి, గేజ్ ఎంత పడిందో చూస్తే సిలిండర్‌లో మొదట ఎంత ఉందో లెక్క కట్టొచ్చు. పి/జెడ్ పద్ధతి అచ్చంగా ఇదే. ప్రెషర్‌ను జెడ్ ఫ్యాక్టర్‌తో (అసలు గ్యాస్ ఆదర్శ గ్యాస్‌కు ఎంత తేడాగా నడుస్తుందో చెప్పే గుణకం) భాగిస్తే వచ్చేది, ఉష్ణోగ్రత మారనంతవరకు, ఘనపు మీటరు ఖాళీలో ఎన్ని మోల్స్ ఉన్నాయో దానికి అనుపాతంలో ఉంటుంది. గ్యాస్ ఉన్న ఖాళీ మారకపోతే, తీసిన గ్యాస్‌కు ఎదురుగా పి/జెడ్ గీస్తే సరళరేఖ రావాలి. అది సున్నాను తాకే చోట మొదటి నిల్వ. షరతు గమనించారా? *ఖాళీ మారకపోతే.* మొత్తం గొడవ అక్కడే ఉంది.

మీరిచ్చిన అంకెలు ఇవి. మొదటి ప్రెషర్ 4,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), జెడ్ 0.90. అంటే పి/జెడ్ 4,444. 100 మిలియన్ ఘ.మీ. తీశాక 3,500 (జెడ్ 0.88), 200 తీశాక 3,080 (0.865), 300 తీశాక 2,720 (0.86). పి/జెడ్ వరుసగా 3,977, 3,561, 3,163. గ్రాఫ్ మీద స్కేల్ పెడితే చక్కగా కూర్చుంటుంది, కాదనను. కానీ ఒక్కో పాయింటును విడిగా మొదటి పాయింటుతో కలిపి నిల్వ ఎంతో లెక్క కట్టండి. మొదటిది సుమారు 952 అంటుంది. రెండోది 1,007. మూడోది 1,041. ప్రతి సర్వేకీ నిల్వ పెరుగుతూ పోతోంది. భూమి లోపల గ్యాస్ కొత్తగా పుట్టదు కదా. అంటే లోపలికి ఏదో వస్తోంది, లేదా కొలతలో ఏదో తేడా ఉంది.

ఇలా ఒక్కో పాయింటుకు విడిగా కట్టిన నిల్వను ఉత్పత్తికి ఎదురుగా గీసే గ్రాఫ్‌ను కోల్ ప్లాట్ అంటారు. పి/జెడ్ గీసిన ప్రతిసారీ పక్కనే ఇది కూడా గీయండి. పి/జెడ్ గ్రాఫ్ స్కేల్ పెద్దది కాబట్టి వంపును దాచేస్తుంది. ఇది దాచదు. మూసుకున్న రిజర్వాయర్ అయితే అడ్డంగా, సమంగా ఉంటుంది. పైకి ఎక్కుతుంటే బయటినుంచి ఆసరా అందుతోందని అనుమానించాలి.

ఆ ఆసరా ఏంటి? మొదట గుర్తొచ్చేది అక్విఫర్, అంటే నీరు నిండిన రాతిపొర. గ్యాస్ కింద, పక్కన ఉన్న నీరు ప్రెషర్ పడగానే కొద్దిగా వ్యాకోచించి లోపలికి జరుగుతుంది, గ్యాస్ ఉన్న ఖాళీ కుంచించుకుపోతుంది, ప్రెషర్ పడాల్సినంత పడదు. చూసేవాళ్లకు నిల్వ ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. ఎంత నీరు వస్తే ఇంత తేడా కనిపిస్తుందో చూడండి. రిజర్వాయర్ ఉష్ణోగ్రత 93 డిగ్రీల సెల్సియస్, అసలు నిల్వ 900 మిలియన్ అనుకుందాం. మూడో పాయింటు దగ్గర ఖాతా సరిపోవాలంటే లోపలికి వచ్చిన నీరు దాదాపు 2.4 లక్షల ఘ.మీ. అంటే మొదట గ్యాస్ ఆక్రమించిన ఖాళీలో ఆరు శాతం చిల్లర. అంతే! అంత కొద్ది నీరు చాలు, 900 ఉన్నది 1,040లా కనపడటానికి. బావుల్లో ఇంకా ఒక్క చుక్క నీరు కూడా కనపడకపోవచ్చు.

ఇది కాగితం మీది తేడా మాత్రమే కాదు. నీరు గ్యాస్‌ను పూర్తిగా నెట్టుకుపోదు, రంధ్రాల్లో మూడో వంతు దాకా గ్యాస్‌ను వెనకే బంధించి వదిలేస్తుంది, అదీ ఎక్కువ ప్రెషర్‌లో. అందుకే మూసుకున్న గ్యాస్ రిజర్వాయర్‌లో 80, 90 శాతం తీయగలిగితే, గట్టి నీటి ఒత్తిడి ఉన్నచోట అది 50, 60కి కూడా పడిపోవచ్చు. కంప్రెసర్ ఎంత పెద్దది కొనాలి, అమ్మకం ఒప్పందం ఎన్నేళ్లకు రాయాలి అన్నవన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

కానీ ఆగండి, ఇంకో అవకాశం కూడా ఉంది. దీనికి పూర్తిగా ఎదురు దిశలో వెళ్లేది. పక్కన పర్మియబిలిటీ (రాయి తనలోంచి గ్యాస్‌ను, ద్రవాన్ని పోనిచ్చే గుణం) తక్కువున్న బ్లాకు ఒకటి ఉండి, అందులోంచి గ్యాస్ నెమ్మదిగా ఇటు జారుతున్నా కోల్ ప్లాట్ ఇలాగే పైకి ఎక్కుతుంది. అప్పుడు నిజమైన నిల్వ 1,041 కంటే *ఎక్కువ*. నీరైతే 952 కంటే *తక్కువ*. సమీకరణానికి రెండూ ఒకటే. 'లోపలికి ఏదో వచ్చింది' అని మాత్రమే అంటుంది. నేను పనిచేసిన ఒక ఫీల్డ్‌లో సరిగ్గా ఇదే వాదన చాలాకాలం నడిచింది. జియాలజిస్టులు ఫాల్ట్ (రాతిపొరల్లో పగులు) అవతలి ఇసుకరాయి అన్నారు, ప్రొడక్షన్ వాళ్లు నీరే అన్నారు. తేల్చింది మెటీరియల్ బ్యాలెన్స్ కాదు, బావిలోంచి వచ్చిన నీటి క్లోరైడ్ పరీక్ష. గ్యాస్‌తోపాటు ఆవిరిగా వచ్చి పైన చల్లబడి నీరయ్యేదాంట్లో ఉప్పు దాదాపు ఉండదు. అంచున ఉన్న ఒక బావిలో ఉప్పు పెరగడం మొదలైంది, దాంతో నీరు ఎటునుంచి వస్తోందో తెలిసింది. మీరూ మీ ల్యాబ్ రిపోర్టులు తిరగేయండి. సాధారణంగా ఆ అంకెలు ఎక్కడో ఒక ఎక్సెల్ షీట్‌లో ఎవరూ చూడకుండా పడి ఉంటాయి.

మూడో అవకాశం కొలత తేడా. మీ మొదటి సర్వేలో ప్రెషర్ నిజానికి 3,540 అయి ఉంటే? అప్పుడు, జెడ్‌ను కూడా కొద్దిగా పెంచి చూస్తే, ఆ పాయింటు నిల్వ సుమారు 1,040 అంటుంది, మొదటి నుంచి ఎక్కుతున్నట్టు కనిపించిన వాలు చాలావరకు పోతుంది! 40 పీఎస్‌ఐ అంటే ప్రెషర్‌లో ఒక్క శాతమే, కానీ అప్పటిదాకా పడిన 500లో అది ఎనిమిది శాతం. అదే 40 తేడా మూడో పాయింటులో ఉంటే నిల్వ నాలుగు శాతమే కదులుతుంది. మొదట్లో వచ్చిన పాయింట్లు చాలా చపలమైనవి, వాటిమీద పెద్ద కథ అల్లకూడదు. ఇప్పటి క్వార్ట్జ్ గేజ్‌లు అంత తేడా చూపించవు. కాబట్టి ఉంటే అది వేరేచోట ఉంటుంది. బావిని చాలినంతసేపు మూయలేదేమో, లేదా గేజ్ దిగిన లోతునుంచి డేటమ్ లోతుకు (అన్ని కొలతలనూ పోల్చడానికి ఎంచుకున్న ఒకే లోతు) మార్చేటప్పుడు బావి అడుగున నిలిచిన ద్రవాన్ని గ్యాస్ అనుకుని లెక్క కట్టారేమో.

ఇక మీ మొదటి సందేహం, ద్రవ్యరాశి ఎటుపోయిందని. ఎక్కడికీ పోలేదు, వేషం మార్చుకుంది. పైన మనం గ్యాస్‌ను ప్రామాణిక పరిస్థితుల్లో కొలుస్తాం. 15 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ దగ్గర ఒక ఘ.మీ. గ్యాస్ అంటే సుమారు 42.3 మోల్స్, ఎప్పుడైనా ఎక్కడైనా. కాబట్టి 'ప్రామాణిక ఘనపు మీటరు' పేరుకే వాల్యూమ్, నిజానికి అది పదార్థ పరిమాణం. స్టాక్ ట్యాంక్ బ్యారెల్ (పైన ట్యాంకులో కొలిచిన ఆయిల్ బ్యారెల్) కూడా అంతే. ఆ పదార్థం కింద ఎంత చోటు ఆక్రమిస్తుందో చెప్పే గుణకాలే ఫార్మేషన్ వాల్యూమ్ ఫ్యాక్టర్లు. అందుకని ఆయిల్ సమీకరణంలో మీకు వాల్యూమ్‌లు కనిపించినా, అడుగున నడిచేది మూడు విడివిడి ద్రవ్య ఖాతాలు: ఆయిల్, గ్యాస్, నీరు. గ్యాస్ ఖాతాకు రెండు చోట్లు, విడిగా ఉన్న గ్యాస్, ఆయిల్‌లో కరిగి ఉన్న గ్యాస్. మొత్తం కలిపి రంధ్రాల ఖాళీలో సరిపోవాలి అన్న ఒక్క షరతు పెడితే 1936లో షిల్థుయిస్ రాసిన సమీకరణం వచ్చేస్తుంది. రియాక్టర్‌కు మీరు కాంపొనెంట్ బ్యాలెన్స్ రాసినట్టే రాసి చూడండి, ఓ సాయంత్రం పడుతుంది. కానీ ఆ తర్వాత ఎవరి ఫార్ములా మీదా ఆధారపడక్కర్లేదు.

మాటల్లో ఆ సమీకరణం ఇది: *బయటికి తీసినవన్నీ రిజర్వాయర్ పరిస్థితుల్లో ఆక్రమించే చోటు = ఆయిల్, అందులో కరిగిన గ్యాస్ వ్యాకోచం + గ్యాస్ క్యాప్ (ఆయిల్ పైన పేరుకున్న గ్యాస్) వ్యాకోచం + రాయి కుంచించుకుని, అందులోని నీరు ఉబ్బి ఇచ్చిన చోటు + అక్విఫర్‌నుంచి వచ్చిన నీరు.* ఎడమవైపు మనకు తెలిసినది. కుడివైపు తెలియనివి చాలా ఉన్నాయి: ఆయిల్ నిల్వ, గ్యాస్ క్యాప్ పరిమాణం, అక్విఫర్ బలం. ఒక సమీకరణం, మూడు తెలియనివి. కాలంతోపాటు పాయింట్లు పెరుగుతాయి కదా అంటారేమో, పెరుగుతాయి. కానీ అవన్నీ దాదాపు ఒకే వైపు కదులుతాయి కాబట్టి విడదీయడం కష్టమే. గ్యాస్ క్యాప్ పెద్దదని ఒకరు, అక్విఫర్ బలమైనదని ఇంకొకరు అదే డేటాకు అంతే బాగా ఫిట్ చేసి చూపిస్తారు. కంప్యూటర్‌కు ఇచ్చి మూడూ ఒకేసారి కనుక్కో అంటే అది సంతోషంగా ఏదో ఒక జవాబు ఇస్తుంది. అలాంటి జవాబులకు నేను విలువివ్వను.

దీనికి మందు 1963లో హావ్లెనా, ఓడే చెప్పిన పద్ధతి. సమీకరణాన్ని సరళరేఖ రూపంలోకి తిప్పి, ముందు ఏ డ్రైవ్ (ఆయిల్, గ్యాస్‌ను బయటికి తోసే శక్తి) పనిచేస్తోందో గుర్తుపట్టి, ఆ తర్వాతే అంకె తీయడం. ఉదాహరణకు మొత్తం ఉత్పత్తి చోటును మొత్తం వ్యాకోచంతో భాగించి కాలంతోపాటు చూస్తే, సమంగా ఉంటే బయటి ఆసరా లేదని, ఎక్కుతుంటే ఉందని. మీ కోల్ ప్లాట్‌కు ఇది అన్న లాంటిది. గ్యాస్ క్యాప్ ఎంతుందో వీలైతే లాగ్‌లనుంచి, మ్యాప్‌నుంచి తెచ్చుకుని స్థిరంగా ఉంచండి. తెలియనివి ఎన్ని తగ్గితే అంత మంచిది. అక్విఫర్‌కు మొదట్లో ఫెట్కోవిచ్ మోడల్ (వచ్చే నీటిని లెక్కకట్టే తేలిక పద్ధతి) చాలు. 1949 నాటి వాన్ ఎవర్డింజెన్, హర్స్ట్ పద్ధతి ఇంకా కచ్చితమైనదే, కానీ మీ ప్రెషర్ డేటా ఆ కచ్చితత్వానికి తగినదైతేనే దానికి ప్రయోజనం.

రాతిని మర్చిపోవద్దు. బబుల్ పాయింట్ (ఆయిల్‌లోంచి గ్యాస్ విడివడటం మొదలయ్యే ప్రెషర్) పైన ఉన్న ఆయిల్ రిజర్వాయర్‌లో ఇది చాలామంది జారిపడే చోటు. ఒక ఉదాహరణ చూడండి. ఆయిల్ కంప్రెసిబిలిటీ (ప్రెషర్‌తో వాల్యూమ్ ఎంత మారుతుందో చెప్పే అంకె) పీఎస్‌ఐకి పది లక్షల్లో 12 వంతులు, నీటిది 3, రాతిది 5, నీటి సంతృప్తత (రంధ్రాల్లో నీటి వాటా) 25 శాతం. ప్రెషర్ 1,000 పీఎస్‌ఐ పడేసరికి 8 లక్షల బ్యారెళ్లు తీశారు. ఆయిల్ వ్యాకోచం ఒక్కటే చూస్తే నిల్వ 6.7 కోట్ల బ్యారెళ్లు. రాయి, నీరు కలిపితే 4.1 కోట్లు. 'రాయి కంప్రెసిబిలిటీ చాలా చిన్నది, వదిలేద్దాం' అన్న ఒక్క వాక్యం విలువ రెండున్నర కోట్ల బ్యారెళ్లు. బబుల్ పాయింట్ దాటి గ్యాస్ విడుదలయ్యాక మాత్రం పరిస్థితి మారిపోతుంది. 3,000 పీఎస్‌ఐ దగ్గర గ్యాస్ కంప్రెసిబిలిటీ పది లక్షల్లో 300 పైచిలుకు, దాని ముందు రాయి లెక్కలోకి రాదు.

రాయి మెత్తనిదైతే అప్పుడూ లెక్కలోకి వస్తుంది. ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ సుద్దరాయి ఫీల్డ్‌లో రాయి ఎంతగా కుంచించుకుందంటే పైన సముద్రపు అడుగే దిగిపోయింది. 1987లో ప్లాట్‌ఫారాలను ఆరు మీటర్లు జాకీలతో పైకి లేపాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలోని విల్మింగ్టన్‌లో నేల సుమారు తొమ్మిది మీటర్లు కుంగింది, నీరు ఇంజెక్ట్ చేశాకే ఆగింది. ద్రవ్యనిత్యత్వం దృష్టితో చూస్తే అక్కడ ఆయిల్‌ను బయటికి తోసినదాంట్లో పెద్ద భాగం ఆ కుంగుబాటే. అందుకే కోర్‌ను (బావిలోంచి తీసిన రాతి నమూనా) పరీక్షించిన ల్యాబ్‌నుంచి వచ్చిన కంప్రెసిబిలిటీ అంకె ఏ ఒత్తిడి దగ్గర కొలిచారో అడిగి తెలుసుకోండి. ప్రెషర్ అసాధారణంగా ఎక్కువున్న గ్యాస్ రిజర్వాయర్లలోనూ ఇంతే. మొదట్లో రాయి ఇచ్చే ఆసరా వల్ల పి/జెడ్ నెమ్మదిగా దిగి, తర్వాత వేగం పెంచుకుంటుంది. మొదటి వాలును నమ్మి నిల్వ రాసుకుంటే రెట్టింపు దాకా ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది.

ఇప్పుడు 'ట్యాంక్' ఊహ సంగతి. రిజర్వాయర్ మొత్తాన్ని ఒకే ప్రెషర్ ఉన్న పాత్ర అనుకుంటాం. అది ఎప్పుడు చెల్లుతుంది? ప్రెషర్ మార్పు ఒక చివరినుంచి ఇంకో చివరికి చేరే సమయం, మనం ఉత్పత్తి చేస్తున్న కాలంతో పోలిస్తే చిన్నదైనప్పుడు. 3,000 అడుగుల దూరం, పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా) 20 శాతం, స్నిగ్ధత ఒక సెంటీపాయిజ్, మొత్తం కంప్రెసిబిలిటీ పది లక్షల్లో 15 అనుకోండి. పర్మియబిలిటీ 100 మిల్లీడార్సీలైతే ఆ కబురు అవతలికి చేరడానికి పదకొండు రోజులు చాలు. 0.1 మిల్లీడార్సీ అయితే 29 ఏళ్లు. మొదటిది ట్యాంకే. రెండోదాన్ని ట్యాంక్ అనడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. అక్కడ బావిని వారం మూసినా కనిపించేది బావి చుట్టుపక్కల ప్రెషర్ మాత్రమే, సగటు కాదు. సగటు కంటే తక్కువ ప్రెషర్ వేస్తే నిల్వ తక్కువ చూపిస్తుంది. బిగుతు రాళ్లలో ఈ లెక్క మొదట్లో ఎప్పుడూ పిసినారిగా ఉండటానికి కారణం ఇదే.

మీ ఫీల్డ్ పర్మియబిలిటీ మీరు రాయలేదు. పదుల మిల్లీడార్సీలు ఉంటే ఈ భయం లేదు. బావుల మధ్య ప్రెషర్ తేడాలుంటే వాటిని సర్దేసి ఒక సగటు తీయడానికి తొందరపడకండి. ముందు అన్నిటినీ ఒకే డేటమ్ లోతుకు తెచ్చి, ఒకే గ్రాఫ్‌లో కాలానికి ఎదురుగా వేయండి. ఒకే దారిలో దిగితే ఒకే ట్యాంక్. రెండు గుంపులుగా విడిపోతే రెండు ట్యాంకులు, రెండు ఖాతాలు. ఒక ఆయిల్ ఫీల్డ్‌లో మ్యాప్ చెప్పిన నిల్వకు మెటీరియల్ బ్యాలెన్స్ చెప్పినది సగమే వచ్చింది. మ్యాప్ తప్పని ఒక వర్గం, లెక్క తప్పని ఇంకో వర్గం. ఆ తర్వాత ఫాల్ట్ అవతల వేసిన బావిలో దాదాపు తొలినాటి ప్రెషరే కనిపించింది. రెండూ నిజమే. రాతిలో అంత ఆయిల్ ఉంది, కానీ అందులో సగం ఇవతలి బావులకు తెలియనే తెలియదు. ఇలా తేడా వస్తే నేను సంతోషిస్తాను, ఎందుకంటే తీయని ఆయిల్ ఎక్కడుందో చెప్పే ఆధారం అంతకంటే చవగ్గా దొరకదు.

ఇక అన్నిటికంటే విసుగు పుట్టించేది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఉత్పత్తి లెక్కలు. కాలేజీలో 'బయటికి పోయింది' అన్న పదం ఇచ్చిన అంకె. ఇక్కడ దాన్ని మనమే వెతికి పట్టుకోవాలి. అమ్మిన గ్యాస్ మాత్రమే మీటర్‌లో బాగా నమోదవుతుంది, ఎందుకంటే దానికి డబ్బులొస్తాయి. ఫ్లేర్ చేసింది, ఇంధనంగా కాల్చింది, ట్యాంకుల్లోంచి ఆవిరైంది చాలాచోట్ల అంచనాలే. రిజర్వాయర్‌కు మాత్రం అమ్మామా కాల్చామా అన్నది పట్టదు, దానిలోంచి పోయింది పోయినట్టే. గ్యాస్ లిఫ్ట్ (ఆయిల్‌ను పైకి తేవడానికి బావిలోకి గ్యాస్ పంపడం) ఉన్న ఫీల్డ్‌లలో ఇంకో ఉచ్చు ఉంది. బావిలోకి పంపిన గ్యాసే తిరిగి పైకి వస్తుంది, సెపరేటర్ దగ్గర కొలిచిన మొత్తాన్ని ఉత్పత్తి అనుకుంటే అదే గ్యాస్ మళ్లీ మళ్లీ లెక్కలోకి ఎక్కుతుంది. నాకు వచ్చిన ఒక డేటాలో గ్యాస్, ఆయిల్ నిష్పత్తి ఉన్నట్టుండి పెరిగితే గ్యాస్ క్యాప్ దిగొచ్చిందని టీమ్ అంతా టెన్షన్ పడింది. తీరా చూస్తే ఆ నెలలోనే గ్యాస్ లిఫ్ట్ మొదలైంది, తీసివేత జరగలేదు.

మీది గ్యాస్ ఫీల్డ్ కాబట్టి కండెన్సేట్ సంగతి చూడండి. పైన ద్రవంగా మారినది కింద గ్యాస్‌గానే ఉండేది. దాన్ని మోల్స్‌లోకి మార్చి గ్యాస్ ఉత్పత్తికి కలపాలి. కండెన్సేట్ ఎక్కువున్నచోట ఇది మరవడం కొన్ని శాతాల తేడా తెస్తుంది. రిజర్వాయర్‌లోనే ప్రెషర్ డ్యూ పాయింట్ (గ్యాస్‌లోంచి ద్రవం విడివడటం మొదలయ్యే ప్రెషర్) కిందికి పడితే మామూలు జెడ్ పనికిరాదు, ల్యాబ్ ఇచ్చే రెండు దశల జెడ్ వాడాలి. నీరు ఇంజెక్ట్ చేసే ఫీల్డ్‌లలో పంపిన నీరంతా మన పొరలోకే వెళ్లిందన్న గ్యారంటీ లేదు. పైపు వెనక సిమెంట్ బాగాలేకపోతే వేరే పొరలోకి పోతుంది. ఖాతా ఎంతకీ కుదరకపోతే నేను మొదట అనుమానించేది దాన్నే. బొగ్గు పొరల మీథేన్, షేల్ అయితే గ్యాస్‌లో పెద్ద భాగం రాయి ఉపరితలానికి అతుక్కుని ఉంటుంది. నియమం అదే, కానీ నిల్వ పదంలో లాంగ్‌ముయిర్ ఐసోథర్మ్ (అతుక్కున్న గ్యాస్ ప్రెషర్‌తో ఎలా మారుతుందో చెప్పే సంబంధం) చేర్చకుండా మామూలు పి/జెడ్ గీస్తే అర్థం లేదు.

ఇక సిమ్యులేటర్. అది చేసేది కూడా ఇదే లెక్క, రిజర్వాయర్‌ను లక్షల గడులుగా కోసి ఒక్కో గడికి, ఒక్కో టైమ్ స్టెప్‌కు. గడికీ గడికీ మధ్య ఎంత ప్రవహిస్తుందో డార్సీ నియమం చెబుతుంది, ఎంత కుంచించుకుంటుందో పీవీటీ (ప్రెషర్, వాల్యూమ్, ఉష్ణోగ్రతల సంబంధం) చెబుతుంది, రెండింటినీ కలిపి కట్టేది ద్రవ్యనిత్యత్వం. కాబట్టి రెండూ పోటీ కాదు. రన్ చివర్లో 'మెటీరియల్ బ్యాలెన్స్ ఎర్రర్' అని చిన్న అంకె వస్తుంది. అది చిన్నదిగా ఉంటే మోడల్ సరైనదని అర్థం కాదు. సమీకరణాలను సాల్వర్ సరిగ్గా పరిష్కరించిందని మాత్రమే. తప్పు నిల్వ, తప్పు అక్విఫర్ వేసినా ఆ ఎర్రర్ అంతే చక్కగా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేసి ప్రెజెంటేషన్‌లో చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

హిస్టరీ మ్యాచ్‌కు (గత ఉత్పత్తి, ప్రెషర్‌లతో మోడల్‌ను సరిపోల్చడం) కూర్చునే ముందు ఒక రోజు చేతిలెక్కకు ఇస్తే, అక్విఫర్ కావాలా వద్దా, ట్యాంకులు ఎన్ని, నిల్వ ఏ పరిధిలో ఉంది అన్నవి తెలుస్తాయి. లేకపోతే అవన్నీ సిమ్యులేటర్‌లో పర్మియబిలిటీ గుణకాలతో, పోర్ వాల్యూమ్ (రంధ్రాల ఖాళీ) గుణకాలతో సర్దుబాటు చేస్తూ వారాలు గడుస్తాయి. మ్యాచ్ కుదురుతుంది, కానీ తప్పుడు కారణంతో. ఎక్కడైనా పోర్ వాల్యూమ్‌కు 1.8 లాంటి గుణకం వేసి మ్యాచ్ చేశారంటే, అక్కడ రాయాల్సిన ద్రవ్య ఖాతా ఒకటి ఎవరో రాయలేదని అర్థం చేసుకోండి.

మీ ఫీల్డ్‌కు వస్తే, రిపోర్టులో 1,050 అన్న ఒంటరి అంకె తీసేసి రెండు కేసులు రాయమనండి. ఒకటి నీటి కేసు, 850నుంచి 950 మధ్య. ఇంకొకటి పక్క బ్లాకు కేసు, 1,050 పైన. తర్వాతి సర్వేకు అన్ని బావులనూ ఒకేసారి మూయించండి, ఒకదాన్ని మూసి పక్కదాన్ని నడిపితే సగటు రాదు. బిల్డప్ (మూసిన బావిలో ప్రెషర్ పెరగడం) చదునయ్యేదాకా గేజ్ తీయొద్దు. బావి పొడవునా గ్రేడియంట్ సర్వే (లోతు వారీగా ప్రెషర్ కొలవడం) కూడా చేయిస్తే అడుగున ద్రవం ఎంత ఎత్తున నిలిచిందో తెలుస్తుంది, డేటమ్ సవరణ మీద ఉన్న అనుమానం అక్కడికక్కడే తీరుతుంది. ఆ పాయింటు, క్లోరైడ్ అంకెలు, పర్మియబిలిటీ చేతికొచ్చాక ఇక్కడే రాయండి, రెండు కేసుల్లో దేనివైపు మొగ్గాలో అప్పుడు మాట్లాడుకుందాం.